లెఫ్ట్ వింగ్‌కి రెండు నిమిషాలు

నా ఉద్యోగం జనాన్ని వెనక్కి పంపడం. అపాయింట్‌మెంట్ కాగితంలో 'కాల్స్ కోఆర్డినేటర్' అని గొప్పగా రాసుంటుంది గానీ, చేసేది ఇదే. పొద్దస్తమానం ఆటల గురించి వాగే రేడియో స్టేషన్ మాది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు ఊళ్ళోవాళ్ళు ఫోన్లు చేసి సొంత ఫుట్‌బాల్ జట్టుని తిట్టిపోస్తారు. రోజుకి నలభై, యాభై మంది చేస్తారు. పదిమందికి మించి చోటుండదు. మిగతావాళ్ళకి ముందు మర్యాదగా, తర్వాత కొంచెం తక్కువ మర్యాదగా కుదరదని చెప్పాలి. పన్నెండేళ్ళుగా చెబుతున్నాను. ఇంట్లో నేను చివరిసారిగా 'సరే' అన్నది ఎప్పుడో మా ఆయనకి గుర్తు లేదట.

అద్దానికి ఇవతల నేను, అవతల మైకు ముందు గర్జన. ఆ పేరు శ్రోతలు పెట్టారు, అతను దానికి తగ్గట్టే అరుస్తాడు. ఎవరు లైన్లోకి వచ్చినా వాళ్ళ నంబరు పక్కన నేనొక ముక్క టైపు చేస్తాను. అది గర్జన ముందున్న తెరమీద పడుతుంది. రోజూ చేసేవాళ్ళకయితే ఒకసారి రాస్తే చాలు, ఎప్పుడు చేసినా ఆ ముక్కే తనంతట తాను వచ్చి కూర్చుంటుంది. టైర్ల షాపాయన పక్కన "నలభై సెకన్ల తర్వాత మొదటి ముక్కే మళ్ళీ మొదలెడతాడు, కట్ చెయ్" అనుంటుంది. లెక్కల మాస్టారి పక్కన "లెక్కలన్నీ తప్పు. సరిదిద్దకు, ఏడుస్తాడు." పళ్ళ డాక్టరు పక్కన "కెప్టెన్‌కి పళ్ళు తనే కట్టానంటాడు. అబద్ధం. కెప్టెన్‌వి సొంత పళ్ళు." గర్జన ఇవి చూసి లోలోపల నవ్వుకుని, పైకి మాత్రం "రండి డాక్టరుగారూ" అంటాడు. ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం బయటికి పొక్కలేదు.

లెఫ్ట్ వింగ్ అని ఇంకొకాయన ఉన్నాడు. మూడేళ్ళ క్రితం మొదటిసారి ఫోన్ చేశాడు. గొంతు బాగా లావు చేసి, "పేరు చెప్పను. లెఫ్ట్ వింగ్ అనండి చాలు. నేను ఆడినవాణ్ణి" అన్నాడు. నంబరు కొత్తది. కుదరదని చెప్పబోతుంటే ఆయన వెనకనుంచి ఒక ఆడగొంతు, "ఏమండీ, ట్యాంకు పొర్లిపోతోంది, మోటారు కట్టేయండి!" అని కేకేసింది. ఆ కేక నేను రోజూ పొద్దున్నే వినేదే. మా అత్తయ్యది.

మామయ్య కరెంటాఫీసులో మీటర్లు చదివి రిటైరయ్యారు. ఆఫీసు ఫుట్‌బాల్ జట్టులో ఎడమ అంచున, అంటే లెఫ్ట్ వింగ్‌లో, ఆడిన మాట నిజమే. ఎదుటి జట్టు ఎప్పుడూ నీళ్ళ సరఫరా ఆఫీసువాళ్ళేనన్నదీ నిజమే. రిటైరయ్యాక ఆయనకి ఆట గురించి మాట్లాడేందుకు మనిషి కరువయ్యాడు. ఆయన నోరు తెరవగానే మా ఆయన "తర్వాత నాన్నా" అంటాడు. అత్తయ్య కుళాయి తిప్పుతుంది. నేనయితే ఆరు దాకా అదే గోల విని ఇంటికొస్తాను కనక, బంతి అన్నమాట చెవినపడితే మీదపడి కరిచేలా ఉంటాను. అందుకని ఆయన రహస్యంగా ఒక సిమ్ము కొనుక్కుని, మేడెక్కి, ట్యాంకు చాటున కూర్చుని నాకే ఫోన్ చేశారు.

గుర్తుపట్టనట్టు "లైన్లో ఉండండి సార్" అన్నాను. తెరమీదకి టైపు చేశాను: "మా మామగారు. తెలియనట్టు ఉండు. చెప్పడానికేం ఉండదు. పాపం, రెండు నిమిషాలివ్వు. ఇంట్లో ఎవరూ వినరు."

ఆ రోజునుంచి వారానికి అయిదు రోజులు, నాలుగూ ఇరవైకి లెఫ్ట్ వింగ్ ఫోన్ మోగేది. నేను ఒక్కసారి కూడా ఆపలేదు, ఏం చెప్పబోతున్నారని కూడా అడగలేదు. అత్తయ్యకి వారంలోనే తెలిసిపోయింది. ఎవరైనా బూతులు మాట్లాడితే ఆపడానికి వీలుగా మా కార్యక్రమం ఏడు సెకన్లు ఆలస్యంగా బయటికి వెళ్తుంది. దాంతో వంటింట్లో ఉన్న ఆవిడకి ముందు మేడమీంచి మొగుడి గొంతు, ఏడు సెకన్ల తర్వాత అదే ముక్క రేడియోలోంచి వినిపించేది. "ఒకసారి వినడమే కష్టం, నా ఖర్మకి రెండుసార్లు" అనేది.

భోజనాల దగ్గర మామయ్య ఎటో చూస్తూ అడిగేవారు. "ఇవాళ ఎవరో లెఫ్ట్ వింగ్ అట. పాయింట్ బాగానే లాగాడు. విన్నావా అమ్మాయ్?"

"విన్నాను మామయ్యా. బుర్ర ఉన్నాయన."

మా ఆయనకి పొలమారేది. అత్తయ్య అతని నెత్తిమీద తడుతూ నావైపు చూసేది. మామయ్య మాత్రం ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తినేవారు. నేను చాలా మంచి కోడల్నని నాకు గట్టి నమ్మకం ఉండేది.

ఇలా ఉండగా ఒక ఆదివారం మా జట్టు అయిదు గోల్స్ తేడాతో ఓడింది. సోమవారం గర్జన రెండు గంటలు ఏకబిగిన అరిచి, మంగళవారానికి గొంతు పోగొట్టుకున్నాడు. మేనేజరు కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, ఆఖరికి పక్క స్టూడియోలోంచి వార్తలాయన్ని పట్టుకొచ్చాడు.

వార్తలాయన పెద్దమనిషి. ఇరవై ఏళ్ళుగా వార్తలు చదువుతున్నాడు. ఎదురుగా ఏది ఉంటే అది చదువుతాడు. తడబడడు, ఆలోచించడు. ఒకసారి వార్తల కాగితాల మధ్య ఎవరిదో లాండ్రీ చీటీ కలిసిపోతే అదీ చదివేశాడు. ఆరు చొక్కాలు, రెండు దుప్పట్లు, ఇప్పుడు వాతావరణం. చదివేటప్పుడు ఎవరూ కదిలించకూడదని ఆయన నియమం. కూర్చోగానే హెడ్‌ఫోన్లో నా గొంతు వినిపించే మీట కట్టేశాడు, లేచి తలుపుకి గడియ పెట్టుకున్నాడు. తెరమీద ఉన్నవి పైకి చదవకూడదని ఆయనకొకరు చెప్పాలన్న ఆలోచన మాకెవరికీ తట్టలేదు.

"మొదటి లైన్లో టైర్ల షాపు యజమాని," అని మొదలుపెట్టాడు, వరద నీటిమట్టం చదివే గొంతుతో. "నలభై సెకన్ల తర్వాత మొదటి ముక్కే మళ్ళీ మొదలెడతాడు. కట్ చెయ్. నమస్కారం, చెప్పండి."

పన్నెండేళ్ళలో టైర్ల షాపాయన నోట మాట రాకపోవడం అదే మొదలు. నేను ఇంకో లైన్లో ఎవరినో వదిలించుకుంటూ ఉన్నాను. ఏం విన్నానో బుర్రకెక్కేసరికి ఆయన రెండో లైన్‌కి వెళ్ళిపోయాడు. "లెక్కల ఉపాధ్యాయులు. లెక్కలన్నీ తప్పు. సరిదిద్దకు, ఏడుస్తాడు. నమస్కారం." మాస్టారు నిజంగానే ఏడ్చాడు.

అద్దం మీద దబదబా బాదాను. వార్తలాయన అరచెయ్యి ఎత్తి చూపించాడు, చదువుతున్నాను ఆగమని. తలుపు తోశాను, రాలేదు. వెనక్కి పరుగెత్తుకొచ్చి నోట్లు చెరపడం మొదలుపెట్టాను. అవి ఒక్కొక్కటే చెరపాలి. టాక్సీ ఆయన్ని కాపాడాను. బేకరీ ఆవిణ్ణి కాపాడాను. ఈలోగా "కెప్టెన్‌కి పళ్ళు తనే కట్టానంటాడు, అబద్ధం" అని వినిపించింది. బూతుల కోసం పెట్టిన ఎర్ర బటన్ నా చేతికిందే ఉంటుంది. గుద్దాను. బయటికి వెళ్ళాల్సిన ఆ ఏడు సెకన్లూ గాలిలో కలిసిపోయాయి. డాక్టరు పరువు దక్కింది. నేను హమ్మయ్య అనుకుని కుర్చీలో కూలబడ్డాను.

ఆ బటన్‌తో ఒక చిక్కుంది. ఒకసారి నొక్కామంటే ఆ ఏడు సెకన్లూ ఖర్చయిపోయినట్టే. మళ్ళీ పోగవడానికి అయిదు నిమిషాలు పడుతుంది. అందాకా లోపల ఏమంటే అది అప్పటికప్పుడు ఊరంతా వినాల్సిందే. గడియారం చూశాను. నాలుగూ ఇరవై అయింది. అయిదో లైను వెలిగింది. నేనందుకునేలోపే లోపల అందుకున్నారు.

"లెఫ్ట్ వింగ్," అన్నాడు వార్తలాయన. "మా మామగారు. తెలియనట్టు ఉండు. చెప్పడానికేం ఉండదు. పాపం, రెండు నిమిషాలివ్వు. ఇంట్లో ఎవరూ వినరు. నమస్కారం, చెప్పండి."

నేను బటన్ నొక్కుతూనే ఉన్నాను. మూడుసార్లో, నాలుగుసార్లో. ఉత్త ప్లాస్టిక్ చప్పుడు తప్ప ఏమీ లేదు. లైన్లో మామయ్య ఊపిరి వినిపించింది. తర్వాత లావు చెయ్యని సొంత గొంతుతో, "చెప్పడానికేం లేదండీ" అని ఫోన్ పెట్టేశారు.

ఎక్కడో ఒకచోట చచ్చిపోతే బాగుండుననిపించింది. అయితే ఇంకా గంటా నలభై నిమిషాల కార్యక్రమం ఉంది. నోట్లన్నీ చెరిపేసి, వచ్చిన ప్రతి కాలూ తీసి, ఆరింటికి బయటపడ్డాను.

మేనేజరు ముందు నన్ను పీకేస్తానన్నాడు. మర్నాడు నూటముప్పై ఫోన్లు వచ్చేసరికి మాట మార్చాడు. అందరికీ ఒకటే ఆరాటం, నా గురించి ఏం రాశావని. పళ్ళ డాక్టరు కూడా ఏమీ విననట్టు అడిగాడు. టైర్ల షాపాయన గోలపెట్టాడు. "అంతమంది ముందు నా పరువు తీశావు కదమ్మా! పోనీ, ఇంకోసారి చదివించు, మా ఆవిడ వినలేదట." మేనేజరు కళ్ళు మెరిశాయి, నోట్లు రోజూ చదివిద్దామన్నాడు. మళ్ళీ ఆ మాటెత్తితే మొదటి నోటు నీ మీదే రాస్తానన్నాను. నా ఉద్యోగం నిలబడింది. అప్పటికి దానిమీద నాకేమంత ధ్యాస లేదు.

ఎందుకంటే ముందు రోజు సాయంత్రం ఇంట్లో జరిగింది వేరు. నేను వెళ్ళేసరికి మామయ్య బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. సిమ్ము ఫోన్లోంచి తీసి బల్లమీద పెట్టారు. అత్తయ్య నాకు కళ్ళతో సైగ చేసింది, మాట్లాడొద్దని. నాకు ఆ పాటి తెలివి ఎప్పుడూ లేదు.

"మామయ్యా, అది ఎప్పుడో మొదటి రోజు రాసింది. తర్వాత మార్చడం మర్చిపోయాను. అంతే."

"మర్చిపోయావా?" అన్నారు. "మూడేళ్ళు. వారానికి అయిదు రోజులు. నేను పొద్దున్నే పేపరు చదివి, మ్యాచ్ రెండుసార్లు చూసి, ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని మేడెక్కేవాణ్ణమ్మా. యాభైమంది చేస్తే పదిమందిని తీసుకుంటారట, అందులో రోజూ నేనున్నాను కదా అనుకునేవాణ్ణి."

"మీరు బాగా మాట్లాడతారు మామయ్యా. నిజంగా."

"ఇది కూడా ఎక్కడైనా రాసిపెట్టుకున్నావా?" అన్నారాయన. కోపంగా అనుంటే నేను కూడా నాలుగు మాటలనేదాన్ని. మామూలుగా అన్నారు. అది భరించడం నావల్ల కాలేదు, వంటింట్లోకి పోయి గిన్నెలు తోముతూ ఏడ్చాను. ఆయనకి నేను పెట్టింది ముష్టి అని అప్పటిదాకా నాకే తెలియదు.

మర్నాటినుంచి నాలుగూ ఇరవైకి ఫోన్ మోగడం మానేసింది. మామయ్య మేడెక్కడం మానేశారు. ట్యాంకు ఎన్నిసార్లు పొర్లిందో లెక్కలేదు. ఆయన కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తుంటే అత్తయ్య ఒకరోజు నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది. "ఆ గోల రెండుసార్లు వినలేక చచ్చేదాన్ని. ఇప్పుడు ఒక్కసారి కూడా వినిపించక చస్తున్నాను. ఏదో ఒకటి చెయ్యి."

ఏం చెయ్యను? పొగిడితే నమ్మరు. క్షమించమంటే "ఎందుకులే అమ్మాయ్" అంటారు. టైర్ల షాపాయన ఫోన్ చేసి, "లెఫ్ట్ వింగ్ ఏడమ్మా? ఆయన చెప్పిన ప్రతిదానికీ అడ్డం తిరగడం అలవాటైపోయింది. ఇప్పుడు నాకేం తోచట్లేదు" అన్నాడు. సంబరపడి, ఉన్నదున్నట్టు ఇంటికి మోసుకొచ్చి చెప్పాను.

"నువ్వే చెప్పించుంటావు," అన్నారు మామయ్య.

మా ఆయన కూడా ఒకరోజు వెళ్ళి తండ్రి పక్కన కూర్చుని, "నాన్నా, మొన్నటి మ్యాచ్‌లో ఏమంటావు?" అని అడిగాడు. అతనికి ఆటలో ఎంతమంది ఉంటారో కూడా తెలియదు. మామయ్య కొడుకు మొహంలోకి ఒకసారి చూసి, "అమ్మాయి పంపిందా?" అన్నారు. ఇద్దరూ కాసేపు ఫ్యాను వైపు చూసి లేచిపోయారు.

రెండు వారాలు కావస్తుండగా మా జట్టు మళ్ళీ ఓడింది. ఈసారి పక్క పేటవాళ్ళ చేతిలో, సొంత మైదానంలో. సోమవారం నాలుగు కొట్టకుండానే లైన్లన్నీ వెలిగిపోయాయి. గర్జన గొంతు తిరిగొచ్చింది, మధ్యలో పోకూడదని అరక్షణం ఆగి మరీ అరుస్తున్నాడు. నాకు రెండు చెవులకీ రెండు ఫోన్లు. నంబర్లు చూసే తీరిక లేదు, పాత నోట్లు ఏనాడో పోయాయి.

"చెప్పండి, త్వరగా."

"కోచ్‌ని మార్చాలండి."

"ఇంకా?"

"అదే. కోచ్‌ని మార్చాలి. అసలు ఈ కోచ్ వచ్చిన దగ్గర్నుంచి..."

"ఆ ముక్క ఇవాళ పద్నాలుగు మంది చెప్పారు. కొత్తదేమైనా ఉంటే చెయ్యండి, లేకపోతే పడుకోండి!" అని ఠక్కున పెట్టేశాను.

పెట్టేశాక తెరమీద నంబరు చూశాను. మూడేళ్ళు రోజూ చూసిన నంబరే. రెండు వారాల తర్వాత, ఎలాగో మనసు చంపుకుని, ఆ మనిషి మళ్ళీ మేడెక్కితే పడుకోమన్నాను. తిరిగి చెయ్యడానికి కూడా ధైర్యం చాల్లేదు. పక్క లైన్లో ఎవరో రిఫరీ కళ్ళ గురించి మాట్లాడుతుంటే ఊఁ ఊఁ అంటూ కూర్చున్నాను.

పదకొండు నిమిషాలకి అదే నంబరు వెలిగింది.

"ఏమ్మా, పడుకోమంటావా? ఎవరితో మాట్లాడుతున్నాననుకున్నావ్?"

"ఎవరో కాలర్ అనుకున్నాను," అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"నన్ను గుర్తుపట్టలేదా?"

"లేదు మామయ్యా. ఒట్టు."

"అంటే నేనని తెలియకుండానే కట్ చేశావా?"

"అవును. పాయింట్ చెత్తగా ఉంది."

అయిపోయింది, ఇక ఈ జన్మకి మాట్లాడరు అనుకున్నాను. అప్పుడు అటునుంచి కాగితం గరగరలాడింది.

"ఉండు, పెట్టెయ్యకు. ఇంకోటుంది. మన గోల్‌కీపర్ సంగతి. మూడు మ్యాచ్‌ల నుంచి వాడు బంతిని తన్నట్లేదు, చేత్తో విసురుతున్నాడు. నిన్న పంతొమ్మిది సార్లు విసిరాడు. తప్పక తన్నాల్సొస్తే ఎడమకాలితో తన్నాడు. వాడు కుడికాలివాడమ్మా! ఆ కాలికేదో అయింది, దాస్తున్నాడు. పక్క పేటవాళ్ళు అది పసిగట్టి మీదమీదకొచ్చారు. కోచ్‌కి తెలుసో లేదో మరి."

"పంతొమ్మిదేనా? సరిగ్గా లెక్కపెట్టారా?"

"ముప్పై నాలుగేళ్ళు మీటర్లు చదివాను. నాకు లెక్క నేర్పకు."

నిజానికి నేను అడిగింది ఆయన్ని ఆటపట్టించడానికి కాదు. పన్నెండేళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నాను, మంచి పాయింట్ వస్తే నా వీపు దానంతటదే నిటారుగా అవుతుంది. ఆ కాలి సంగతి ఊరంతటిలో ఇంకొక్కరు కూడా గమనించలేదు.

"లైన్లో ఉండండి," అన్నాను. "ఒక్క నిమిషం ఇస్తాను."

"రెండు కాదా?"

"వెనక ఆరుగురున్నారు."

"సరే సరే సరే," అన్నారు. ఆయన గొంతులో అంత సంతోషం మూడేళ్ళ రెండేసి నిమిషాల్లో ఎన్నడూ వినలేదు. నిమిషం కాగానే గర్జన ఆయన్ని వాక్యం మధ్యలో కోసేశాడు. ఆ తర్వాత గంటసేపు ఊరంతా గోల్‌కీపర్ కుడికాలి మీదే కొట్టుకున్నారు. టైర్ల షాపాయన వెంటనే ఫోన్ చేసి అదంతా శుద్ధ అబద్ధమన్నాడు, ప్రాణం లేచొచ్చినట్టుంది పాపం.

ఇంటికి వెళ్ళేసరికి మామయ్య కూర్చుని లేరు. మా ఆయన చుట్టూ తిరుగుతూ చేతులూపుతూ చెబుతున్నారు. "మొహమ్మీదే పెట్టేసిందిరా! పడుకోండి అంది! నేనని తెలియదు, అసలు తెలియదు దానికి!" మా ఆయన అలవాటు కొద్దీ "తర్వాత నా..." అని మొదలెట్టి, నాలిక కరుచుకుని, "ఎందుకు పెట్టేసింది?" అని అడిగాడు. మామయ్య మొత్తం మళ్ళీ మొదటినుంచి చెప్పారు.

అత్తయ్య గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. నామీద మండిపడింది. "మామగారి మొహమ్మీద ఫోన్ పెట్టేస్తావా? పడుకోమంటావా? ఏదో ఒకటి చెయ్యమంటే ఇదా నువ్వు చేసింది?"

"నువ్వూరుకోవే," అన్నారు మామయ్య. "చెత్త పాయింట్ చెప్పాను, కట్ చేసింది. అది మా ఆఫీసు విషయం. నీకు తెలియదు." అప్పుడు నావైపు తిరిగారు. "చూడమ్మాయ్, రేపు కూడా పనికిరాకపోతే రేపూ కట్ చెయ్. మొహమాటపడకు."

మంగళవారం కట్ చేశాను. బుధవారం కూడా.